తిత్లీలో పోయిన కార్డు

"ఇది ఏ కంపెనీదమ్మా?"

"బొంబాయి కంపెనీ అనుకుంటాను బావు."

మా డాక్టరుగారి ప్రశ్నకి, మందస మండలం నుంచి వచ్చిన మామ్మ ఇచ్చిన జవాబు అది. ఈసీజీ గదిలో ఉన్న మేమంతా నవ్వు ఆపుకున్నాం. నవ్వడానికేముంది గానీ, ఆవిడ తన గుండెకి కట్టిన యంత్రం గురించి ఎవరూ చెప్పని విషయాన్ని తనకి తోచినట్టు చెప్పింది. అంతే. కార్డు ఏదని డాక్టరుగారు మళ్లీ అడిగారు. పేస్‌మేకర్ పెట్టినప్పుడు కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు రాసి ఒక చిన్న కార్డు ఇస్తారు. ఏటీఎం కార్డంత ఉంటుంది.

"ఇల్లే ఎగిరిపోనాది బాబూ, కార్డేటి మిగుల్తాది?" అంది మామ్మ.

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఒడ్డెక్కింది. ఉద్దానంలో కొబ్బరిచెట్టు, జీడిచెట్టు నిలబడి ఉన్న తోట అన్నది కనపడలేదు. వీళ్ల ఇంటి రేకులు పక్క వీధిలో దొరికాయట. ట్రంకుపెట్టె దొరికింది గానీ, అందులో పట్టా కాగితాలూ, పెళ్లినాటి పట్టుచీరా, ఆసుపత్రి ఫైలూ కలిసి ముద్దయిపోయాయట. చీరని ఆరబెట్టుకుంది. ఫైలుని పారేసింది. నేనైనా అదే చేసేవాణ్ని.

ఇది 2022 వేసవి సంగతి.

నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు కింద ఫిల్ములు కడిగిన చేతులివి. ఇప్పుడు మీట నొక్కితే క్షణాల్లో బొమ్మ కంప్యూటర్ మీద పడుతోంది. నా రోజంతా విరిగిన మణికట్లూ, అరిగిన మోకాళ్లూ, టీబీ పట్టిన ఊపిరితిత్తులూ, రూపాయి బిళ్ల మింగిన పిల్లలూ. పేస్‌మేకర్ ఉన్న మనిషి ఏ రెండు నెలలకో ఒకసారి వస్తారు. వాళ్లలో చాలామంది దగ్గర కార్డుంటుంది. లేనివాళ్లు వచ్చినప్పుడు మాత్రం మా డాక్టరుగారు నా గది తలుపు దగ్గరికి వచ్చి, "ఏమయ్యా, నీ దొంగల పుస్తకం తియ్" అంటారు.

ఆ పుస్తకం సంగతి తర్వాత చెప్తాను. ముందు కంపెనీ పేరుతో అంత పనేమిటో చెప్పాలి.

పేస్‌మేకర్ అంటే ఎడమ కాలర్‌బోన్ కింద, చర్మం లోపల పెట్టే చిన్న లోహపు డబ్బా. అందులో బ్యాటరీ, సర్క్యూట్ ఉంటాయి. దాన్నుంచి ఒకటో రెండో తీగలు రక్తనాళంలోంచి గుండెలోకి వెళ్తాయి. గుండె తనంతట తాను కొట్టుకోవడం మందగిస్తే ఆ డబ్బా చిన్న కరెంటు పంపి కొట్టిస్తుంది. ఎంత స్పీడులో కొట్టించాలి, బ్యాటరీ ఎంత మిగిలింది, తీగ బాగుందా అన్నవన్నీ బయటి నుంచే చూసి మార్చుకోవచ్చు. దానికి ప్రోగ్రామర్ అనే యంత్రం కావాలి. సూట్‌కేసులాంటి పెట్టె, దానికొక మౌస్‌లాంటి ముక్క. ఆ ముక్కని ఛాతీ మీద ఆనిస్తే లోపలి డబ్బా తన కథంతా చెప్పేస్తుంది. అయితే మెడ్‌ట్రానిక్ ప్రోగ్రామర్‌తో మెడ్‌ట్రానిక్ డబ్బాయే మాట్లాడుతుంది. అబాట్ డబ్బాకి అబాట్‌ది కావాలి. బోస్టన్ సైంటిఫిక్, బయోట్రానిక్, అందరిదీ అదే తంతు. ఎవరి బీరువా తాళం వాళ్ల మొలలో ఉంటుంది.

పెద్ద నగరాల్లో గుండె ఆసుపత్రుల్లో అన్ని కంపెనీల ప్రోగ్రామర్లూ వరసగా పెట్టుకుంటారు. మాకు ఒక్కటీ లేదు. కంపెనీ మనిషి విశాఖపట్నం నుంచి, వంద కిలోమీటర్ల పైమాట, ఆ పెట్టె మోసుకుని రావాలి. ఎవరిని రమ్మనాలో తెలియాలంటే డబ్బా ఎవరిదో ముందు తెలియాలి.

ఒకసారి తెలియకుండా పిలిచాం. ఆ తప్పు నాది. 2012లో అనుకుంటాను, ఇంకా ఫిల్మే వాడుతున్నాం. నరసన్నపేట వైపు నుంచి ఒక పెద్దాయన హెర్నియా ఆపరేషన్‌కి వచ్చాడు. ఛాతీలో పేస్‌మేకర్. ఆపరేషన్‌లో రక్తం ఆపడానికి కరెంటుతో కాల్చే పరికరం వాడతారు, అది పేస్‌మేకర్‌ని తికమక పెట్టగలదు, కాబట్టి ముందుగా దాన్ని ఒకసారి పరీక్ష చేయించాలన్నారు మత్తు డాక్టరు. నేను చెస్ట్ ఎక్స్‌రే తీశాను. ఊపిరితిత్తులు అద్దంలా వచ్చాయి. డబ్బా మాత్రం తెల్లటి ముద్ద. దాని ఆకారం చూసి డాక్టరుగారు ఫలానా కంపెనీది అయి ఉండొచ్చన్నారు. ఫోన్ చేశాం. ఆ కుర్రాడు మర్నాడు మధ్యాహ్నానికి బస్సు దిగి, చెమటలు కక్కుతూ వచ్చి, ముక్క ఛాతీ మీద పెట్టి అటూ ఇటూ జరిపి, "ఇది మాది కాదు సార్" అన్నాడు. టీ తాగి వెళ్లిపోయాడు. ఆపరేషన్ ఇంకో రెండు రోజులు వాయిదా. ఆ పెద్దాయన కొడుకు నన్ను ఏమీ అనలేదు, నా తప్పని అతనికి తెలియదు కాబట్టి. డాక్టరుగారు మాత్రం ఫిల్మ్‌ని లైటు మీద పెట్టి, "నువ్వు ఊపిరితిత్తుల్ని తీశావు. నేనడిగింది డబ్బాని" అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మంచికే.

ఆ డబ్బాల మీద ఎక్స్‌రేలో మాత్రమే చదవగలిగే రాత ఉంటుంది. పైన తీగలు దూరే పారదర్శకమైన భాగంలోనో, డబ్బా లోపలో ఒక లోహపు ముక్క మీద కంపెనీ గుర్తు, కొన్ని అక్షరాలు, అంకెలు ఉంటాయి. మెడ్‌ట్రానిక్ అయితే వాళ్ల గుర్తు పక్కన మూడు ఇంగ్లిష్ అక్షరాలు. సెయింట్ జూడ్ అయితే ఎస్‌జేఎం. బోస్టన్‌ది బీఎస్‌సీ అనో బీఓఎస్ అనో ఉండి పక్కన అంకెలు. పాతవైతే జీడీటీ, అంటే గైడెంట్. ఆ గైడెంట్‌ని 2006లో బోస్టన్ వాళ్లు కొనేశారు. సెయింట్ జూడ్‌ని 2017లో అబాట్ కొంది. పెళ్లయి ఇంటిపేరు మారిన ఆడపిల్ల టెన్త్ సర్టిఫికెట్‌లా, ఒంట్లో ఉన్న డబ్బా మీద పాత పేరే ఉంటుంది. ఎక్స్‌రేలో ఎస్‌జేఎం చూసి సెయింట్ జూడ్ వాళ్ల నంబరు కోసం వెతికితే లాభం లేదు, అబాట్ వాళ్లకి చెయ్యాలి.

రాత బియ్యపుగింజంత ఉంటుంది. దాన్ని పట్టాలంటే మామూలు ఛాతీ ఎక్స్‌రే సరిపోదు. నేను కిందా మీదా పడి నేర్చుకున్నది ఇక్కడ రాస్తాను, ఎక్కడైనా చిన్న సెంటర్‌లో నాలాంటి తమ్ముడెవరికైనా పనికొస్తుందేమో.

మనిషి నిలబడగలిగితే నిలబెట్టే తీయాలి, ఛాతీని ప్లేటుకి ఆనించి. డబ్బా ఛాతీ ముందువైపు ఉంటుంది కాబట్టి ప్లేటుకి దగ్గరగా వస్తుంది, అంచులు పదునుగా పడతాయి. మంచం మీద పడుకోబెట్టి వీపు కింద ప్లేటు పెట్టి తీస్తే డబ్బా దూరమైపోయి, పెద్దదై, అక్షరాలు అలుక్కుపోతాయి. ముందు మామూలుగా పూర్తి ఛాతీ తీస్తాను, తీగలు ఎన్ని, ఎక్కడ దిగాయి చూడ్డానికి. తర్వాత ఎక్స్‌రే ఎంతమేర పడుతుందో చూపించే వెలుగు చతురస్రాన్ని డబ్బా మీదికి దగ్గరగా కుదించి రెండోది తీస్తాను. ఛాతీకి నేను 65, 70 కేవీ (ఎక్స్‌రే ఎంత లోతుగా చొచ్చుకెళ్లాలో చెప్పే అంకె) పెడితే డబ్బాకి 90 దాకా వెళ్తాను. ఊపిరితిత్తులు నల్లగా మాడిపోతాయి, పోనీ. బక్కచిక్కిన ముసలివాళ్లలో చర్మం వదులై డబ్బా పక్కకి ఒరిగి ఉంటుంది. అప్పుడు అక్షరాలు పక్కనుంచి చూసిన పుస్తకం అట్టలా కనపడతాయి. భుజాన్ని కొంచెం ముందుకో వెనక్కో తిప్పి డబ్బా పరుచుకునేలా చేసుకోవాలి. వేలితో చర్మం మీంచే తడిమితే ఎటు ఒరిగిందో తెలిసిపోతుంది.

ఇక మెడలో ఉన్నవి. గొలుసులు, నల్లపూసలు, రాగి తాయెత్తులు సరిగ్గా ఆ అక్షరాల మీదే వచ్చి పడతాయి, ఏం పగో. తీసేయమంటే మగవాళ్లు తాయెత్తు తీస్తారు గానీ, ఆడవాళ్లు పుస్తెలు తియ్యరు. నేనూ బలవంతం చెయ్యను. కొందరు తెలివిగా వీపు మీదికి వేసుకుంటారు. ఎక్స్‌రేకి ముందూ వెనకా ఏముంది, వీపు మీదున్నా బొమ్మలో పడుతుంది. మందస మామ్మకి అదే చెప్తే, బయట బెంచీ మీద దగ్గుతున్న ముసలాయన వైపు ఒకసారి చూసి, పుస్తెల తాడు పైకి లాగి పళ్లతో కరిచి పట్టుకుంది. "ఊపిరి బిగబట్టమ్మా" అంటే ముక్కుతోనే "ఊఁ" అంది.

అప్పటికి ఈసీజీ గదిలో ఇంకో తతంగం నడిచింది. డాక్టరుగారు చెప్పినట్టే రాస్తాను. నాకు ఈసీజీ పాఠం వచ్చింది ఆయన దగ్గరే.

మామ్మకి పేస్‌మేకర్ పెట్టి తొమ్మిదేళ్లయింది. పెద్దకొడుకు జీడితోటలో అరెకరం అమ్మి విశాఖలో పెట్టించాడు. ఆ నర్సింగ్‌హోమ్ ఇప్పుడు లేదు. బోర్డు కూడా లేదట. ఇన్నాళ్లూ బాగానే ఉంది. నెల రోజుల నుంచి జీడిపిక్కల పనికి కూర్చుంటే ఆయాసం, కళ్లు తిరగడం, మెడలో ఏదో టపటపమని కొట్టుకోవడం. బీపీ అన్నారు, గ్యాసన్నారు. పలాసలో ఒక చోట ఎక్స్‌రే కూడా తీశారు. ఆ ఫిల్ము తెచ్చారు. పదేళ్ల కింద నేను తీసినట్టే ఉంది. తెల్లటి ముద్ద.

మా ఈసీజీలో ఆవిడ గుండె నిమిషానికి 65 సార్లు కొట్టుకుంటోంది. 64 కాదు, 66 కాదు, గడియారంలా 65. ప్రతి దెబ్బ ముందూ పేస్‌మేకర్ ఇచ్చిన సన్నటి నిలువు గీత. ఆ గీతలన్నీ గుండె కింది గదికే. పై గది తన దారిన తను కొట్టుకుంటోంది, కింది గదితో సంబంధం లేకుండా. ఆ పలాస ఫిల్ములో తీగలు మాత్రం రెండున్నాయి, ఒకటి పై గదికి, ఒకటి కింది గదికి. రెండు తీగలున్న పేస్‌మేకర్ పని పై గదినీ కింది గదినీ జతగా నడిపించడం. మరి ఒకటే తీగ ఎందుకు పనిచేస్తోంది?

"బ్యాటరీ అడుగంటితే కొన్ని డబ్బాలు పొదుపులోకి వెళ్తాయయ్యా" అన్నారు డాక్టరుగారు. "పైదాన్ని వదిలేసి కిందిదాన్ని మాత్రం 65కి పట్టుకుంటాయి. మనిషి బతుకుతాడు, సుఖం ఉండదు."

అప్పుడు ఆయన బీరువా మీదున్న అయస్కాంతం తెమ్మన్నారు. గారెలాగా మధ్యలో చిల్లున్న గుండ్రటి అయస్కాంతం. పేస్‌మేకర్ వాళ్ల కోసం తయారైనదే గానీ, మా దగ్గర ఏడాదిలో పదకొండు నెలలు స్టీలు బీరువాకి అంటుకుని సిస్టర్ల డ్యూటీ చార్టుని పట్టుకుని ఉంటుంది. దాన్ని తీస్తే చార్టు కిందపడింది. ఎవరూ తియ్యలేదు.

పేస్‌మేకర్ మీద అయస్కాంతం పెడితే అది గుండె మాట వినడం మానేసి, తనకి కంపెనీ వాళ్లు నేర్పిన ఒక స్పీడులో ఏకబిగిన కొట్టిస్తుంది. ఆ స్పీడు కంపెనీ కంపెనీకీ వేరు. బ్యాటరీ బాగున్నప్పుడు మెడ్‌ట్రానిక్ 85. బోస్టన్ 100. సెయింట్ జూడ్ కూడా 100కి దగ్గర్లో. బయోట్రానిక్ 90. సోరిన్ అని ఇంకో కంపెనీది 96. బ్యాటరీ తగ్గితే ఇవి దిగుతాయి. బోస్టన్, సెయింట్ జూడ్ 85 దగ్గరికి, బయోట్రానిక్, సోరిన్ 80కి, మెడ్‌ట్రానిక్ 65కి. ఈ అంకెలు డాక్టరుగారు ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించారు. మామ్మకి అయస్కాంతం పెట్టినా 65. తీసినా 65.

"మెడ్‌ట్రానిక్. బ్యాటరీ అయిపోవచ్చింది" అన్నారాయన. వెంటనే, "కానీ నేను ఫోన్ చెయ్యను. నువ్వు చదివి చెప్పు, అప్పుడు చేస్తాను" అన్నారు. హెర్నియా పెద్దాయనని ఆయనా మర్చిపోలేదన్నమాట. పైగా అయస్కాంతానికి స్పందించకుండా కొన్ని డబ్బాల్ని ముందే ప్రోగ్రామ్ చేసి ఉండొచ్చు, దాన్నొక్కదాన్నే నమ్మకూడదు.

ఇంకో జాగ్రత్త కూడా ఆయన ఎప్పుడూ చెప్తారు. అయస్కాంతం పట్టుకునే ముందు ఎక్స్‌రే చూడమని. అన్ని డబ్బాలూ పేస్‌మేకర్లు కావు. గుండె లయ తప్పి ప్రాణం మీదికొచ్చినప్పుడు షాక్ కొట్టి బతికించే ఐసీడీలు ఉంటాయి. డబ్బా కొంచెం పెద్దది, గుండెలోకి వెళ్లే తీగ మీద స్ప్రింగులా లావుగా ఒక భాగం కనపడుతుంది. దాని మీద అయస్కాంతం పెడితే మామూలుగా స్పీడేం మారదు. షాక్ ఇచ్చే పని మాత్రం ఆగిపోతుంది. అయస్కాంతం ఉన్నంతసేపూ కాపలావాడికి కళ్లు కట్టినట్టే. అందుకని మామ్మ విషయంలో కూడా ముందు పలాస ఫిల్ము లైటు మీద పెట్టి, తీగలు రెండూ సన్నగానే ఉన్నాయని చూశాకే బీరువా దగ్గరికి వెళ్లనిచ్చారు.

సరే, నా గది. పూర్తి ఛాతీ బాగా వచ్చింది. డబ్బా మీద తీసినది మొదటిసారి పనికి రాలేదు, మామ్మ నవ్వింది, కదిలింది. నవ్వు ఎందుకంటే పుస్తెలు నోట్లో పెట్టుకుని నిలబడ్డం ఆవిడకే నవ్వొచ్చింది. రెండోసారి తీశాను. కంప్యూటర్ మీద పెద్దది చేసి, తెలుపుని నలుపుగా, నలుపుని తెలుపుగా తిప్పాను. కొన్నిసార్లు అలా తిప్పితే కంటికి దొరుకుతుంది. దొరికింది. మెడ్‌ట్రానిక్ గుర్తు, పక్కన మూడు అక్షరాలు. మూడోది ఓనా డీనా అని కాసేపు తన్నుకున్నాను. డీ.

డాక్టరుగారిని పిలిచి చూపిస్తే ఏమీ అనకుండా ఫోన్ తీశారు. ఆయన మెచ్చుకోవడం అంటే అదే.

అక్షరాలు ఎప్పుడూ ఇంత మర్యాదగా ఉండవు. రాజాం నుంచి వచ్చిన ఒకాయనకి డబ్బా లోపల బోర్లాపడి ఉంది. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. నేను తెలివి ఉపయోగించి కంప్యూటర్‌లో బొమ్మని అడ్డంగా తిప్పేశాను. అక్షరాలు చక్కగా వచ్చాయి. సంతోషంలో అదే బొమ్మని అలాగే దాచి డాక్టరుగారికి పంపేశాను. రెండు నిమిషాల్లో ఆయన పరుగెత్తుకొచ్చారు. "ఈయన గుండె కుడివైపుందేమిటయ్యా!" అని. బొమ్మతో పాటు గుండె కూడా తిరిగిపోయింది మరి. ఆ రోజు తిట్లు మాత్రం ఎప్పటికీ గుర్తుంటాయి. చదువుకోవడానికి తిప్పుకో, దాచేటప్పుడు సరిగ్గా దాచు.

దొంగల పుస్తకం అంటే ఇదే. హెర్నియా సంగతి జరిగిన వారంలోనే డే అండ్ నైట్ జంక్షన్‌లో రెండొందల పేజీల లాంగ్‌నోట్‌బుక్ ఒకటి కొన్నాను. వచ్చిన ప్రతి పేస్‌మేకర్ డబ్బా ఆకారం పెన్సిల్‌తో గీస్తాను. గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా ఉందా, బ్యాటరీ ఎటువైపు, సర్క్యూట్ ఎలా కనపడుతోంది, అక్షరాలేమిటి. మనిషి పేరు రాయను. తర్వాత ఏ కంపెనీదో తేలాక కింద ఎర్రసిరాతో రాస్తాను. మామ్మది అరవై మూడోది. మా అమ్మాయి ఆ పుస్తకం చూసి, "నాన్నా, ఇవి సబ్బు బిళ్లలా?" అంది చిన్నప్పుడు.

నేను గొప్ప పనేదో కనిపెట్టాననుకున్నాను గానీ, పెద్దవాళ్లు ఎప్పుడో చేశారు. 2011లో అమెరికాలో కొందరు డాక్టర్లు ఎక్స్‌రేలో డబ్బా ఆకారమూ లోపలి భాగాలూ చూసి మెట్టుమెట్టుగా కంపెనీని పట్టుకునే పద్ధతి ఒకటి ప్రకటించారు, కార్డియా-ఎక్స్ అని. 2019లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు కంప్యూటర్‌కే నేర్పారు. అయిదు కంపెనీల 1,676 పరికరాల ఎక్స్‌రేలు చూపించి నేర్పితే, పరీక్షలో 99.6 శాతం సార్లు కంపెనీ పేరు సరిగ్గా చెప్పింది. అవే బొమ్మలు అయిదుగురు గుండె డాక్టర్లకి, చేతిలో పద్ధతి కాగితం పెట్టి మరీ చూపిస్తే, మధ్యస్థంగా 72 శాతమే. ఇది మా డాక్టరుగారికి చెప్తే, "నన్ను పిలవలేదుగా" అన్నారు.

నాకు మాత్రం ఒక సందేహం. ఆ కంప్యూటర్‌కి తెలిసినవి అయిదు కంపెనీలే. మన దేశంలోనే, ఇందోర్ దగ్గర పీతంపూర్‌లో, పేసెట్రానిక్స్ వాళ్లు పేస్‌మేకర్లు చేస్తున్నారు. అలాంటిది ఒకటి చూపిస్తే ఆ కంప్యూటర్ "తెలీదు" అంటుందా, లేక ఆ అయిదింటిలో దేనికో ఒకదానికి అంటగడుతుందా? నేర్పనిది చెప్పలేదు కదా. మామ్మ చెప్పిన బొంబాయి కంపెనీ జవాబులాంటిదే అదీ చెప్తుంది, కాకపోతే ధీమాగా చెప్తుంది. చివరికి మళ్లీ నా పనే, రాత చదవడం.

కాగితాల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదన్నది కూడా నాకు అనుభవమే. ఆరోగ్యశ్రీలో చేయించుకున్నవాళ్లకి అదృష్టం బాగుంటే కౌంటర్‌లో కార్డు నంబరు కొడితే ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో, ఎప్పుడు అన్నది దొరుకుతుంది. అక్కడికి ఫోన్ చేస్తే ఎవరో ఓపికున్న సిస్టర్ రిజిస్టర్ తీసి చెప్తుంది. కానీ చాలా డిశ్చార్జి కాగితాల మీద ఒక్క ముక్కే ఉంటుంది: "పీపీఐ చేయబడింది". పర్మనెంట్ పేస్‌మేకర్ ఇంప్లాంటేషన్ అని. మన జిల్లాలో పీపీఐ అంటే పొద్దున్నే పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్ల. ఒక ఊళ్లో ఆర్‌ఎంపీ ఆ కాగితం చూసి, "నీకు గ్యాస్ ట్రబుల్‌కే ఆపరేషన్ చేశారు" అని ఒకాయనకి చెప్పాడట. ఆయన నా ముందు చొక్కా విప్పేదాకా తన గుండెకి యంత్రం ఉన్నట్టు తనకే సరిగ్గా తెలియదు.

ఎమ్మారై చెయ్యాల్సి వచ్చినప్పుడు ఈ గొడవ ఇంకా పెద్దది. ఈ మధ్య వచ్చే పేస్‌మేకర్లలో చాలావాటికి షరతులతో ఎమ్మారై చెయ్యొచ్చు. అయితే డబ్బా ఒక్కటీ సరిపోదు, తీగలు కూడా అలాంటివే అయి ఉండాలి. డబ్బా మార్చినప్పుడు పాత తీగలు అలాగే ఉంచుతారు కాబట్టి కొత్త డబ్బాకి ఇరవయ్యేళ్ల తీగ ఉండొచ్చు. కార్డు మీద డబ్బా వివరమే చూసి "ఓకే" అనేస్తే ప్రమాదం. మాకు ఎమ్మారై లేదు, ఆ టెన్షన్ మాకు లేదు.

మర్నాడు పదకొండింటికి మెడ్‌ట్రానిక్ కుర్రాడు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి ఆటోలో వచ్చాడు. పెట్టె తెరిచి, ముక్క మామ్మ ఛాతీ మీద ఆనించాడు. నేను కూడా నా గదికి తాళం వేసి వెళ్లి నిలబడ్డాను. ఒక్క క్షణం ఏమీ లేదు. నా గుండె ఎంత స్పీడులో ఉందో ఎవరూ ఈసీజీ తియ్యలేదు గానీ, 65 అయితే కాదు. తర్వాత తెర మీద గీతలు పాకాయి, పక్కన మోడల్ పేరు, సీరియల్ నంబరు, పెట్టిన తేదీ. బ్యాటరీ మార్చాల్సిన గడువులోకి వచ్చి అయిదు వారాలయింది. అప్పట్నుంచే పొదుపులోకి వెళ్లింది. అంటే ఇంచుమించు ఆవిడ ఆయాసం మొదలైనప్పుడే. అలా వెళ్లాక సుమారు మూడు నెలల గడువు ఉంటుందట. తీగలు రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

"కోడ్ చదివిందెవరు సార్?" అని అడిగాడా కుర్రాడు. డాక్టరుగారు నావైపు గడ్డంతో చూపించారు.

మామ్మని విశాఖ పంపారు. పాత తీగలు ఉంచి డబ్బా మాత్రం మార్చారు. పది రోజుల తర్వాత కుట్లు చూపించుకోవడానికి మా దగ్గరికే వచ్చింది. నడక మారింది. కొడుకు మెట్లెక్కి ఆయాసపడుతుంటే వెనక్కి తిరిగి చూసి నవ్వింది. నా గది దగ్గర ఆగి, కొంగు ముడి విప్పి, కొత్త కార్డు తీసి నా చేతిలో పెట్టింది. తడవకుండా సోంపేటలో జిరాక్స్ షాపువాడి చేత లామినేషన్ చేయించారట. వాడు కార్డు నాలుగువైపులా పనితనంగా కత్తిరించాడు. కిందివైపు కత్తెర పడ్డ చోట సీరియల్ నంబరు చివరి మూడంకెలు లేవు.

కొడుకు మొహం చూశాను. కార్డు ఇచ్చిన రోజు ఫోన్‌లో ఫొటో తీశావా అని అడిగాను. వాట్సాప్‌లో తమ్ముడికి పంపాడట. ఆ తమ్ముడు చెన్నైలో డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు. గంటసేపు బెంచీ మీద కూర్చున్నారు. నేను ఈలోగా రెండు మోకాళ్లూ ఒక నడుమూ తీశాను. ఫొటో వచ్చాక, సీడీల మీద రాసే నల్ల మార్కర్‌తో ఆ లామినేషన్ మీద నంబరు మొత్తం రాసి, ఆరేదాకా ఊది ఇచ్చాను. మామ్మ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది, చదువురాదు.

"గట్టిగా రాసినావా బావు?" అంది.